స్లాబును తిట్టే ముందు తూము చూడండి: వానలకు ముందే ఇంటి నీటి దారులు బాగుచేసుకోవడం

మా నాన్నగారి డాబా వరసగా మూడు వానాకాలాలు కారింది. హాల్లో ఈశాన్యం మూల పళ్ళెమంత మరకగా మొదలై, మూడో ఏటికి చాపంత అయింది. రెండుసార్లు స్లాబంతా వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. పూత వేసినవాళ్ళు డబ్బులు పట్టుకెళ్ళారు, కారడం మాత్రం అలాగే ఉంది. చివరికి వేరే పని మీద వచ్చిన ముసలి తాపీ మేస్త్రీ ఒకాయన పైకెక్కి, పిట్టగోడ మూల గొంతుక్కూచుని, తూములోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. వడియాలు ఎండబెట్టిన పాలిథిన్ కాగితం ముక్క, దానికి చుట్టుకుని ముద్దయిన వేపాకు, సగం చిరిగిన రబ్బరు బంతి బయటికొచ్చాయి. "స్లాబుది తప్పేం లేదు బాబూ, తూముకే ఊపిరాడట్లేదు" అని చెయ్యి కడుక్కుని దిగిపోయాడు.

జరుగుతున్నదేమిటంటే, తూము మూసుకుపోయి మూలలో రెండంగుళాల నీళ్ళు నిలిచేవి. పిట్టగోడకీ స్లాబుకీ మధ్య ఉన్న వెంట్రుకంత పగులులోంచి అవి నెమ్మదిగా దిగేవి. నీళ్ళు నిలవకపోతే ఆ పగులు ఇంకో పదేళ్ళు ఎవరికీ తెలిసేది కాదు. మనం మందు వేసింది పగులుకి, జబ్బు ఉన్నది తూములో. అప్పట్నుంచి ఎవరైనా "మా ఇల్లు కారుతోందండీ" అంటే నేను మొదట అడిగేది తూముల గురించే.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మన డాబా ఇళ్ళ సంగతి. రేకుల వరండాకి వేలాడే గట్టరు గురించీ, పెంకుటింటి గురించీ కూడా తర్వాత చెబుతాను.

ఎప్పుడు చూడాలి

రోహిణి కార్తెలో. అంటే మే చివరి వారం. అప్పటికి ఆవకాయలూ వడియాలూ అయిపోతాయి, డాబా ఖాళీ అవుతుంది. వేప, రావి పాత ఆకు రాల్చేసి ఉంటాయి. సిమెంటు పనికి కావలసిన పొడి వాతావరణం ఉంటుంది. మృగశిర వచ్చి చినుకులు పడ్డాక మేస్త్రీ దొరకడు, దొరికినా తడి స్లాబు మీద ఏ పనీ నిలవదు. కోస్తాలో ఉన్నవాళ్ళు రెండోసారి సెప్టెంబరు ఆఖరులో చూసుకోవాలి, ఎందుకంటే తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే.

ఎంత నీరు వస్తుందో ఒక్కసారి లెక్క వేసుకుంటే బద్ధకం పోతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో 24 గంటల్లో 19 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ రోజు అంత డాబా మీద పడ్డ నీరు 17 వేల లీటర్ల పైచిలుకు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు మూడున్నర. అదంతా మీ తూముల్లోంచే పోవాలి.

మొదటి పని: ఎక్కకముందు ఇంటిని చదవండి

నిచ్చెన అవసరం లేని పని ఇది. ఇంట్లోనే మొదలుపెట్టండి. సీలింగు మీద టీ రంగు వలయాలు, గోడ మీద పొంగిన సున్నం, వేలితో రాస్తే పొడిలా రాలే తెల్లటి ఉప్పు పూత కనబడితే నీరు అక్కడిదాకా వచ్చి ఆరిపోయిందన్నమాట. వలయంలో వలయం ఉంటే ఒక్క వాన పని కాదు, పదే పదే తడుస్తోంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మరక ఉన్నచోటే రంధ్రం ఉండాలని లేదు. స్లాబులో కరెంటు వైర్ల కోసం వేసిన పైపులుంటాయి. నీరు ఒక మూల దిగి, ఆ పైపు పట్టుకుని ప్రయాణం చేసి, ఎక్కడో ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలుగా తేలుతుంది. ఫ్యాను పెట్టె దగ్గరగానీ స్విచ్‌బోర్డు దగ్గరగానీ చెమ్మ కనబడితే ముందు ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్చు (ఎంసీబీ) దించండి, తర్వాతే మిగతావి.

ఇప్పుడు బయటికొచ్చి ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. పైపు పక్కన గోడ మీద నిలువుగా నల్లటి చార ఉందా? ఆ చార ఎక్కడ మొదలైందో అక్కడి జాయింటు కారుతోంది. పచ్చటి నాచు పట్టీ ఉంటే అది ఎండాకాలంలో కూడా తడుస్తోంది, బహుశా ట్యాంకు పొంగే నీళ్ళో ఏసీ నీళ్ళో కావచ్చు. సన్‌షేడు అడుగున పెచ్చులూడి ఇనుప చువ్వలు కనబడుతున్నాయా? చువ్వ తుప్పు పడితే ఇనుముకన్నా ఎక్కువ చోటు అడుగుతుంది, దాంతో కాంక్రీటును లోపలినుంచి నెట్టేస్తుంది. పెచ్చులూడడమంటే అదే. ఇంత దూరం వచ్చాక ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే కింద పిల్లలు ఆడుకుంటారు.

పైపు కింద కొస దగ్గర నేల చూడండి. గుంత పడిందా, పునాది రాయి బయటపడిందా, ఎదురుగోడ మీద మట్టి చిందిందా? ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. వచ్చే ఏడు పోల్చుకోవడానికి అంతకన్నా మంచి రికార్డు లేదు.

రెండో పని: తూము, జాలీ

కావలసినవి కొబ్బరి ఈనెల చీపురు, చిన్న తాపీ, బకెట్టు, చేతి తొడుగులు, పొడుగాటి వెదురు బద్ద. ఆకుల కుప్పలో తేలుండొచ్చు, పగిలిన సీసా పెంకుండొచ్చు. అందుకే తొడుగులు. నిచ్చెన ఎక్కితే కింద ఒకరు పట్టుకుని ఉండాలి. నాచు మీద తడికాళ్ళతో నడవకండి.

డాబా అంతా తూము వైపు ఊడవకండి. మనవాళ్ళు చేసే మొదటి తప్పిదే. తూముకి దూరంగా ఊడ్చి, కుప్ప పోసి, ఎత్తి బకెట్టులో వేసుకుని దించండి. తర్వాత తూము నోటి దగ్గర పేరుకున్న ఒండ్రు తాపీతో గీకి తీయండి. నీళ్ళు పోసి తోసేశారంటే అదంతా పైపు బెండులో కూర్చుంటుంది.

జాలీ తీసి చూడండి. చాలా ఇళ్ళలో బాత్రూముకి వేసే చదును జాలీయే డాబాకీ వేస్తారు. రెండు బాదం ఆకులు చాలు దాన్ని పూర్తిగా మూయడానికి. ఆకులు వచ్చినా పక్కలనుంచి నీరు పోయేలా బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బిన జాలీ వేయించండి. దొరక్కపోతే దళసరి తీగ జాలీని బుట్టలా వంచి తూముకి అడ్డం పెట్టినా పనిచేస్తుంది. కొందరు జాలీయే వద్దని తీసేస్తారు. మా నాన్నగారూ అంతే, బంతి వెళ్ళింది అందుకే.

తూము అంచున రావి మొక్క మొలిచిందనుకోండి. పిట్ట వేసిన గింజ అది. రెండాకులప్పుడు గిల్లితే పోతుంది. జానెడు పెరిగాక కోస్తే పై భాగమే పోతుంది, వేరు గోడలో చీలిక చేసుకుంటూనే ఉంటుంది. చుట్టూ సిమెంటు చెక్కి, వేరు మొత్తం లాగి, గుంత పూడ్చాలి. మొక్క చావాలని కళ్ళుప్పు పోయడం, బాత్రూము యాసిడ్ పోయడం నేను చూశాను. రెండూ వద్దు. ఆ లవణమే స్లాబులోకి దిగి చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది. రావి చస్తుందో లేదోగానీ స్లాబు మాత్రం చస్తుంది.

మూడో పని: రెండు బకెట్ల పరీక్ష

తూముకి రెండడుగుల దూరంలో నిలబడి రెండు బకెట్ల నీళ్ళు ఒకేసారి గుమ్మరించండి. కింద ఒకరిని పైపు కొస దగ్గర నిలబెట్టండి. నీరు వెంటనే ధారగా దూకితే దారి బాగుంది. తూము దగ్గర సుడి తిరుగుతూ ఆగి ఆగి పోతే, కింద సన్నటి ధారే వస్తే, పైపులో అడ్డుంది. పోసినదానికీ వచ్చినదానికీ పొంతన లేకపోతే మధ్యలో గోడలోకే పోతోంది. ఈ మూడోదే ప్రమాదం.

అడ్డు ఎక్కువగా ఉండేది బెండు దగ్గర. పైపు వేసినప్పుడు ప్లంబరు డోర్ బెండు పెట్టి ఉంటే దాని మూత విప్పి చేత్తో తీసేయొచ్చు. విప్పేటప్పుడు మొహం అడ్డం పెట్టకండి, పైన నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారి దూకుతాయి. డోర్ లేకపోతే వెదురు బద్దతో పైనుంచి మెల్లగా కదపండి, తర్వాత తోట పైపుతో నీళ్ళు వదలండి. ఇనుప ఊచతో పొడవకండి, పీవీసీ బెండు లోపల చిల్లుపడినా బయటికి తెలియదు. బద్ద ఎంతకీ దిగక, గట్టిగా టక్కుమంటోందంటే అది ఆకు కాదు. ఇల్లు కట్టినప్పుడు కడిగి వదిలేసిన సిమెంటు పాలు లోపల గడ్డకట్టి ఉంటాయి. ఆ ముక్క కోసి కొత్తది వేయడం తప్ప దారి లేదు.

కొత్తది వేసేటప్పుడు ఎండకు పైపు పెళుసెక్కకుండా రంగు వేయించండి. నిలువు పైపుకి ఆరడుగులకొక క్లాంపు ఉండాలి. క్లాంపు ఊడితే పైపు ఊగుతుంది, ఊగితే జాయింటులో రబ్బరు రింగు జారుతుంది, నల్ల చార మొదలవుతుంది.

నాలుగో పని: తూముకీ స్లాబుకీ మధ్య సందు

బకెట్ల పరీక్షలో పైపు బాగానే ఉన్నట్టు తేలినా తూము చుట్టూ గోడ తడుస్తోందంటే దొంగ ఇక్కడున్నాడు. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టుకోదు. ఎండకు పైపు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, చుట్టూ వెంట్రుకంత సందు పడుతుంది. ఎన్నిసార్లు పైపైన సిమెంటు మెత్తినా ఏడాదికి మళ్ళీ విడిపోతుంది.

అనుభవమున్న ప్లంబర్లు చేసే పద్ధతి చెబుతాను. తూము చుట్టూ అంగుళం లోతున గాడిలా చెక్కాలి. దుమ్ము పూర్తిగా ఊడ్చి తుడవాలి. పైపు పైభాగాన్ని ఉప్పుకాగితంతో గరుకు చేసి, పైపులు అతికించే సాల్వెంట్ సిమెంటు పూసి, అది తడిగా ఉండగానే పొడి ఇసుక చల్లాలి. ఇసుక అతుక్కుని పైపు కాస్తా గరుకు కాగితంలా తయారవుతుంది. అది ఆరాక, ఒకపాలు సిమెంటుకి మూడుపాళ్ళు ఇసుక చొప్పున, వాటర్‌ప్రూఫ్ కాంపౌండు కలిపిన మాలు గాడిలో కూరాలి. ఇప్పుడు సిమెంటు పట్టుకునేది పీవీసీని కాదు, ఇసుకని. రోహిణి ఎండలో ఈ పని సాయంత్రమే చేయించండి, పైన తడి గోనె కప్పి వారం రోజులు తడుపుతూ ఉండండి. తడపకుండా వదిలేస్తే చేసిన పనంతా పగుళ్ళేస్తుంది.

ఇదే చేత్తో పిట్టగోడ, స్లాబు కలిసే మూల పొడవునా చూసుకోండి. అక్కడ లంబంగా ఉంటే నీరు మూలలో కూర్చుంటుంది. మూడు నాలుగంగుళాల మేర వాలుగా, గుండ్రంగా సిమెంటు తీయించి మీద పూత వేయిస్తే, పూత అప్పుడు పనికొస్తుంది. వరస మారితే మా నాన్నగారి కథే.

ఐదో పని: వాటం, తూముల లెక్క

మొదటి మంచి వాన పడి తెరిపిచ్చిన గంటకి సుద్దముక్క పట్టుకుని పైకెళ్ళండి. నీళ్ళు నిలిచిన ప్రతి మడుగు చుట్టూ గీత గీయండి. వాన కోసం ఆగకూడదనుకుంటే, తూము గుడ్డతో బిగించి అంగుళం నీళ్ళు నింపి, ఒక రోజు ఉంచి, కింద గదుల్లో చెమ్మ తేలుతోందేమో చూసి, ఆ తర్వాత వదిలి గీయొచ్చు. పెచ్చులూడుతున్న పాత స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్ళంటే రెండు టన్నులకు పైనే బరువు.

పదడుగులకు అంగుళం నుంచి అంగుళంన్నర దాకా వాటం, అంటే నీరు జారే వాలు, ఉండాలి. ఒకటి రెండు మడుగులైతే అక్కడికక్కడే సరిచేయొచ్చు. డాబా అంతా మడుగులే అయితే వాటం మళ్ళీ పోయించాలి, అది సొంతంగా చేసుకునే పని కాదు. పాతది చెక్కకుండా మందంగా పోస్తే స్లాబు మీద బరువు పెరుగుతుంది, కాబట్టి ఇంజనీరుకి చూపించి పోయించండి.

ఇక మన ఇళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి. వాస్తు అని చెప్పి డాబా మొత్తం వాటం ఈశాన్యానికే పెట్టి, అక్కడ ఒకే తూము, దానికో మూడంగుళాల పైపు పెట్టేస్తారు. వాస్తు సంగతి నేను మాట్లాడను, పైపు సంగతి మాట్లాడతాను. గంటకు 100 మిల్లీమీటర్ల జడివాన పడుతుంటే నాలుగంగుళాల పైపు మోయగలిగేది సుమారు 42 చదరపు మీటర్ల డాబాని, అంటే 450 చదరపు అడుగులు. మూడంగుళాలదైతే అందులో సగం కూడా కాదు, 20 చదరపు మీటర్లు. వెయ్యి అడుగుల డాబాకి నాలుగంగుళాలవి మూడు కావాలి. వాటం మార్చక్కర్లేదు. ఉత్తరం గోడకొకటి, తూర్పు గోడకొకటి కొత్త తూము కొట్టించండి. నీరు ఈశాన్యం వైపే పోతుంది, ఇంట్లో పెద్దవాళ్ళూ ఒప్పుకుంటారు. మా ఇంట్లో అలాగే ఒప్పించాను.

ఇంకోటి కూడా చేయించండి. తూము కన్నా మూడు నాలుగంగుళాల ఎత్తులో పిట్టగోడకి చిన్న రంధ్రం పెట్టి, బయటికి అర అడుగు గొట్టం వదలండి. కింద తూము మూసుకుపోయిన రోజున నీళ్ళు అందులోంచి దూకుతాయి. మామూలప్పుడు పొడిగా ఉండే ఆ గొట్టంలోంచి నీరు పడుతోందంటే, పైకెళ్ళి తూము చూడమని ఇల్లు మీకు చెబుతున్నట్టే.

సన్‌షేడు

కిటికీ మీద సన్‌షేడు ఎప్పుడూ ఎవరూ ఊడవరు. పాత చెప్పులు, పావురాల రెట్ట, పగిలిన కుండీలు, అన్నీ దానిమీదే. శుభ్రం చేశాక అడుగున అంచు వెంబడి చేత్తో తడమండి. వేలు పట్టేంత గాడి ఉండాలి. పై నీరు అంచు తిరిగి అడుగుకి పాకితే ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది. గాడి లేకపోయినా, రంగులేసేవాళ్ళు లప్పంతో పూడ్చేసినా, నీరు తిన్నగా కిటికీ పైగోడకి చేరుతుంది. కటింగు మెషీనుతో గాడి తీయడం గంట పని.

నీరు పడేచోటు

పైపు కొస పునాది పక్కనే వదిలేస్తే ఇంతవరకు చేసినదంతా పైనుంచి తెచ్చి కింద పోసినట్టే. నల్లరేగడి నేలల్లో ఇది మరీ చెరుపు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే నేల పునాదిని ఊపుతూ ఉంటుంది, గోడల మీద ఐమూలగా పగుళ్ళు తేలతాయి. పైపుని ఇంకుడు గుంతకి కలపండి. గుంత పునాదికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. వాన నీరు ఒడిసిపట్టే ఏర్పాటు చేయాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమే చెబుతోంది, కాబట్టి ఇదేమీ కొత్త మాట కాదు. తొలకరి నీళ్ళలో డాబా మీది దుమ్మంతా ఉంటుంది, ఆ ఒక్క వానని బయటి కాలవకి వదిలి తర్వాత గుంతకి తిప్పండి.

దగ్గరగా ఉంది కదాని మరుగుదొడ్డి పైపుకి మాత్రం కలపనివ్వకండి. జడివానకు సెప్టిక్ ట్యాంకు నిండి, కింది బాత్రూములో బుడగలు వస్తాయి. ఆ వాసన వర్ణించను.

రేకులకీ పెంకులకీ

రేకుల వరండా చూరుకి వేలాడే గట్టరుకి తూమువైపు పదడుగులకు అర అంగుళం వాటం చాలు. రెండుమూడడుగులకొక కొక్కెం ఉండాలి. మధ్యలో కుంగిందంటే అక్కడ ఒండ్రు బరువెక్కిందని, లేదా కొక్కెం వదిలిందని. రేకు కొస గట్టరులోకి రెండంగుళాలు వచ్చి ఉండాలి. మరీ ముందుకొస్తే జోరువాన గట్టరుని దాటి దూకుతుంది, తక్కువైతే వెనక గోడ వెంట కారుతుంది. తుప్పు చిల్లులు పగటిపూట కిందనుంచి చూస్తే చుక్కల్లా మెరుస్తాయి. వైరు బ్రష్షుతో గీకి, ఆరబెట్టి, బిటుమెన్ టేపు అంటించండి. నాలుగైదుచోట్ల అయితే అతుకులు మాని ఆ ముక్క మార్చేయండి. పాత సిమెంటు రేకుల్ని పొడిగా గీకకండి, అందులోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వాటిమీద కాలు కూడా పెట్టకండి, పైకి గట్టిగా కనబడే రేకు నడుమలో పుటుక్కున విరుగుతుంది.

మండువా ఇళ్ళలో చూడాల్సింది రెండు వాలులు కలిసే మూల. అక్కడ పరిచిన రేకు దోనె నిండా చింతాకు పేరుకుంటుంది, కోతులు పక్కనున్న పెంకులు జరుపుతాయి. దోనె ఊడ్చి, జరిగిన పెంకులు సర్దితే ముప్పాతిక కారుళ్ళు పోతాయి. ఎక్కేది మాత్రం పెంకు నేయడం తెలిసినవాడే అయ్యుండాలి. మనం ఎక్కితే పది పెంకులు పగులుతాయి.

అమెరికాలో ఉన్న మా తమ్ముడికి ఇవేవీ పట్టవు, వాళ్ళది వాలు కప్పు, చుట్టూ అల్యూమినియం గట్టర్లు. అయితే ఆకులు రాలిపోయాక, మంచు పడకముందు వాడూ నిచ్చెన వేస్తాడు. ఊడ్చింది తూములోకి తోయకుండా బకెట్టుకి ఎత్తాలని నేను చెప్పాకే వాడి కింది గొట్టం పొంగడం మానింది.

వానాకాలం నడిచినన్నాళ్ళు

వారానికోసారి, గాలివాన వెలిసిన ప్రతిసారీ తూము దగ్గరికి వెళ్ళొస్తే చాలు, ఐదు నిమిషాలు. గట్టరులో గానీ సన్‌షేడు మీద గానీ నిలిచిన నీటిలో డెంగీ దోమ వారం పదిరోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా పెరుగుతుంది, వారం లెక్క అందుకే. ఉరుములు మెరుపులు ఉండగా మాత్రం ఎంత కారుతున్నా ఎక్కకండి. కింద బకెట్టు పెట్టి ఊరుకోండి.

మా నాన్నగారింటి మరక ఇప్పటికీ ఉంది. రంగు వేయించొద్దన్నాను. దాని చుట్టూ పెన్సిలు గీత గీసి తేదీ రాశాను. రెండు వానాకాలాలు గడిచాయి, మరక గీత దాటలేదు. ఈ దసరాకి సున్నం వేయిస్తామంటున్నారు.